ఎర్ర కారుకు డిస్కు బ్రేకులు వేయించిన వైనం

నా భార్య ఆ రోజు కారు దిగి, కిటికీలోంచి ఒళ్లో పడిన రెండు ఉల్లిగడ్డలను మళ్లీ కుప్పలోకే విసిరేసి, "ఇంగ ఈ జన్మలో దీంట్లో ఎక్కను" అంది. ఆలూరు రోడ్డు పక్కన రైతులు ఆరబోసిన ఉల్లిగడ్డల్లో మా ఎర్ర కారు మూతి దాకా కూరుకుపోయి ఉంది. బ్రేకు నేను తొక్కాను. తొక్కానని ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను. కాలు నేలకు తగిలింది, కారు మాత్రం దాని దారిన అది పోయింది.

ఈ వయసులో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఎందుకని వీధి వీధంతా నన్ను అడిగింది. ఎందుకేమిటి? ముసలివాళ్లు ఆటోలోనే పోవాలని యాడన్నా రాసి ఉందా? ఐదో తరగతి తర్వాత నాకు బడి లేదు. మా నాయన అంగడిలో పొట్లాలు కట్టడానికి తెచ్చే పాత పత్రికలే నా చదువు. చింతపండు పొట్లం కట్టబోతూ ఈ కారు బొమ్మ చూసి, చింతపండును వేరే కాగితంలో కట్టి ఇచ్చాను. కారు దొరకడానికి ఒక జీవితకాలం పట్టింది. దొరికేనాటికి అది కర్నూలులో ఒక డాక్టరు గారి షెడ్డులో కోళ్లగూడుగా ఉంది.

ఏటా మేమిద్దరం ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి బస్సులో పోతాం. ఈసారి ఆమెను నా పక్క సీట్లో కూర్చోబెట్టుకొని పోవాలని కారు కొన్న రోజే అనుకున్నాను. ఆమె ఎక్కనంటే ఇక ఆ కారు మళ్లీ కోళ్లకే.

కల్లూరులో మా ఇంటికి దగ్గరలోనే ఒక మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ కారు కింద దూరి బయటికొచ్చి, "పెద్దాయనా, దీనివి పాతకాలం డ్రమ్ము బ్రేకులు. ఇది ఆగాలంటే మనం తొక్కితే సాలదు, అది గూడా ఒప్పుకోవాల" అన్నాడు.

"ఇదే కంపెనీ తర్వాత తెచ్చిన మోడలుకు నాలుగు చక్రాలకూ డిస్కులుండాయప్పా. బోల్టులు బిగించే రంధ్రాలు మాత్రం రెండిటికీ ఒకటే. సస్పెన్షన్‌తో సహా ఊడబీకి దీనికి తగిలిద్దాం" అన్నాను నేను.

"యాడ సదివినావు?"

"ఫోన్లో."

"మా అల్లుడు గూడా ఫోన్లో సూసి బిర్యానీ చేసినాడు. ఆ దినం ఇంట్లో అందరం పస్తే."

ఆ తర్వాతి మోడలు ఒకటి ఎక్కడో బోల్తా కొట్టి, కడపలో పాత ఇనుప సామాన్ల అంగడికి చేరింది. దాని స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, డిస్కులు అన్నీ ఆటో ట్రాలీలో వేయించుకొని తెచ్చాను. రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. మెకానిక్ "అయినా సరే" అన్నాడు. ఏది అయినా సరేనో ఈ రోజుకీ చెప్పలేదు. పాత చక్రాలు మాత్రం డిస్కుల మీద పట్టలేదు, డిస్కులు పెద్దవి. మళ్లీ కడపకు పోయి ఆ కారు చక్రాలు కూడా తెచ్చాను. వాటికి ఆకుల మధ్య పెద్ద పెద్ద సందులు. ఆ సందుల్లోంచి డిస్కులు తళతళలాడుతూ కనబడేవి.

ముందువైపు సస్పెన్షన్ బిగించి కిందికి దించితే కారు మూతి పైకెత్తి ఆకాశం చూస్తూ నిలబడింది. షేర్ ఆటోవాడు ఆపి మరీ అడిగాడు, "ఏం తాతా, పైకి పోతాండావా?" అని. ఇదా అడిగే తీరు? వెనకవి కూడా మార్చాక గాని కారు తల దించలేదు.

బయటికి తీసి, వేగంగా పోనిచ్చి, బ్రేకు తొక్కాను. మెకానిక్ తల అద్దానికి తగలబోయింది. "ఆగింది పెద్దాయనా!" అన్నాడు, తానే నమ్మలేనట్టు.

ఇంటికొచ్చి భార్యతో, "రేపు పూజ చేసి నీ కండ్ల ముందరే ఆపి చూపిస్తా. ఆగితే ఎక్కుతావా?" అన్నాను.

"ముందు ఆగనీ."

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె కారుకు పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు ఉంచింది. కొబ్బరికాయ కొట్టాను. కారు కదిలించాను. నిమ్మకాయలు టప్పుటప్పున పగిలాయి. అంతవరకు అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆ తర్వాత బ్రేకు తొక్కితే కారు నున్నగా జారుకుంటూ పోయి, ఎదుటి కొత్త ఇంటివాళ్లు పోయించుకున్న ఇసుక కుప్పలో దిగబడింది.

"ఉల్లిగడ్డలయినాయి, ఇసుకయింది," అంది నా భార్య గేటు దగ్గర నుంచి. "ఇంగ సముద్రమొకటి మిగిలిండాది. నేను బస్సుకు పోతా."

మెకానిక్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నం తింటూ లేచి వచ్చినట్టున్నాడు, ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకొని, రెండో చేతి వేలు చక్రం సందులో దూర్చి తీశాడు. వేలు పచ్చగా, జిడ్డుగా ఉంది. వాసన చూశాడు.

"నువ్వుల నూనె. పసుపు. పెద్దాయనా, డిస్కుకు ఎవరప్పా తాలింపు పెట్టింది?"

నా భార్య ముందుకొచ్చింది. "నేనే. వెండిపళ్లెం మాదిరి మెరుస్తాండాది. దానికి బొట్టు పెట్టకుంటే ఎట్లా? ఉత్త పసుపు నిలవల్యా, నూనెలో కలిపి పూసినా."

"ఒక్క చక్రానికేనా అక్కా?"

"నాలుగిటికీ. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే దోషం కాదూ?"

"బ్రేకు గట్టిగా పట్టుకొనేదే ఆ డిస్కును అక్కా. నూనె పూస్తే ఏం పట్టుకుంటాది? జారిపోదూ?"

ఆమె నా వైపు తిరిగింది. "అన్నీ సదివినావు గదా, ఇది సదవల్యా?"

చూడండి న్యాయం! డిస్కుకు తలంటు పోయకూడదని ఏ కంపెనీవాడు రాశాడు, నేను చదవడానికి?

డిస్కులు శుభ్రంగా తుడిచారు. నూనె తాగిన బ్రేకు ప్యాడ్లు పారేసి, కొత్తవి కడప నుంచి బస్సులో తెప్పించాం. ఈసారి పూజ మాటే ఎవరూ ఎత్తలేదు. ఆమె బస్సు మాట కూడా ఎత్తలేదు, కారు మాట కూడా ఎత్తలేదు. నేను అడగలేదు. అడిగితే వద్దంటుంది.

ప్రయాణం రోజు చిత్రాన్నం డబ్బా చంకన పెట్టుకొని వచ్చి కారు తలుపు తీసింది. "బస్సులో జనం శానా ఉంటారు," అంది నా ముఖం చూడకుండా. కూర్చున్నాక, "ఇదేందయ్యా, నేల మీద కూర్చోబెట్టినావు" అంది. నేను కారు కదిలించాను.

నంద్యాల దాటాక మలుపులో గొర్రెల మంద రోడ్డంతా నిండి వస్తోంది. బ్రేకు తొక్కాను. కారు ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయింది. మొదటి గొర్రె వచ్చి బంపరు వాసన చూసి పక్కకు పోయింది. ఆగనిదల్లా చిత్రాన్నం డబ్బా. మూత ఊడి, ముందు అద్దం నిండా పసుపు మెతుకులు అతుక్కున్నాయి.

"ఆగింది!" అన్నాను.

ఆమె జుట్టులోంచి ఒక వేరుశనగ పప్పు ఏరి నోట్లో వేసుకుంది. "ఆగిందిలే. ఇంత మొండిగా ఆగాల్నా? రవ్వంత ముందు చెప్పి ఆగరాదా?"

కర్చీఫ్‌తో అద్దం తుడిచింది. దిగిపోతుందేమోనని నేను ఆమె తలుపు వైపే చూస్తున్నాను. ఆమె తలుపు గట్టిగా లాగి చూసుకొని, "పోనీ, ముహూర్తానికి అందుకోవాల" అంది. ఒంటిమిట్ట దాకా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఖాళీ డబ్బాను రెండు చేతులా పట్టుకొని, "తొక్కు, తొక్కు" అంటూనే ఉంది. నేను తొక్కుతూనే ఉన్నాను.