గేటమ్మను నిలబెట్టిన అయ్యవారు

మా లెక్కల అయ్యవారు పోయారని పుత్తూరు బస్టాండులో తెలిసింది. మా ఊరి పాలాయన సైకిలు ఆపి, "అయివారు తెల్లారి పోయినారప్పా, బిరిన పో," అన్నాడు. చేతిలో ఉన్న కూరగాయల సంచి అతనికే ఇచ్చేసి తిరుపతి బస్సెక్కాను. మా ఊరికి వడమాలపేటలో దిగి నడవాలి.

ఆయన చేసిన పని మంచిదో కాదో నాకింకా తేలలేదు. ఆ అయోమయంలోనే ఇది రాస్తున్నాను. మీరైనా తేల్చండి.

ఆయనది నామాలు పెట్టుకునే ఇల్లు. అన్నగారు తిరుపతిలో గుడి సేవలో ఉండేవారు. ఈయన మాత్రం చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, వేరుశనక్కాయలు వలుచుకుంటూ మా బడికి వచ్చేవారు. లెక్క తప్పితే కొట్టేవారు కాదు. "ఇది యెవురు చేసినారు?" అని అడిగేవారు. చేసినవాడు లేచి నిలబడితే చాలు, కూర్చోబెట్టి మళ్ళీ చెప్పేవారు. ఎవడూ లేవకపోతే ఆ పూటంతా ఆయనకు అన్నం సహించేది కాదు.

మా బడి ముందే చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళ చిన్న రైలు పట్టాలు రోడ్డును దాటుతాయి. కంపెనీ తన చెరకు తోలుకోవడానికి వేసుకున్న సొంత లైను. గేటు లేదు, కాపలా మనిషీ లేడు. ఒక సీజనులో మా పక్కింటి రైతు బండిని ఇంజను కొట్టేసింది. ఎద్దు అక్కడికక్కడే పోయింది. రైతుకు కాలు విరిగితే పుత్తూరులో కట్టు కట్టించారు, కానీ కుంటు మిగిలింది. ఆ దారినే రోజూ బడిపిల్లలు దాటాలి.

అయ్యవారు తిరగని గడప లేదు. ఫ్యాక్టరీ మేనేజరు, "లైను మాది, రోడ్డు పంచాయతీది, గేటు వాళ్ళే పెట్టుకోవాలి," అన్నాడు. సర్పంచి, "రైలు మాదా సామీ?" అన్నాడు. తిరుపతిలో రైల్వే వాళ్ళు, "అది సర్కారు రైలు కాదు గదా, కంపెనీ వాళ్ళనే అడుక్కోండి," అన్నారు. ఊరివాళ్ళు వెదురుగడ అడ్డం కడితే కంపెనీ మనుషులు వచ్చి పీకేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. అయ్యవారు అరుగు మీద కూలబడి, "అందరు చెప్పిందీ సరిగానే ఉండాది. గేటొకటే లేదు," అన్నారు.

తరువాతి శుక్రవారం పట్టాల పక్కన ఒక రాయి వెలిసింది. పసుపు, కుంకుమ, వేపమండ. నిలబెట్టింది అయ్యవారే. ఊరు దానికి గేటమ్మ అని పేరు పెట్టుకుంది. అన్నగారు తిరుపతి నుంచి వచ్చి, "మనింట్లో పుట్టి ఇదేం పనిరా?" అని తిట్టిపోశారు. కానీ ఆ సాయంత్రమే ఇంజను ఆగింది. డ్రైవరు అరక్కోణం వైపు అరవ మనిషి. దిగి కర్పూరం వెలిగించాడు. మేనేజరు కసిరితే, "అమ్మన్ను దాటుకోని పోతే నా బిడ్డలకు మంచిది గాదు సార్," అన్నాడట. అప్పటి నుంచీ వచ్చిన ప్రతిసారీ ఆపేవాడు. ఆగినప్పుడు పిల్లలు దాటేవాళ్ళు. మేనేజరే జాతరకు చీర పంపించాడు, ఇంకేం కావాలి?

కావలసిన గేటు మాత్రం రానేలేదు. అయ్యవారు పెట్టిన అర్జీలు ఏ గూట్లో నిద్రపోయి లేచాయో, అప్పట్లో మాకు రాజధానైన మద్రాసు నుంచి ఒక సర్కారు ఆఫీసరు గేటు కావాలో వద్దో చూడటానికి వచ్చాడు. ఆయన కళ్ళెదుటే రైలు ఆగింది. "ఎప్పుడూ ఆగుతుందా?" అని అడిగాడు. మా ఊరికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఆగకుండా యెట్ల పోతాది సార్? అమ్మ ఉండాది గదా!" అని ఒకటే గొంతు.

అయ్యవారు ముందుకొచ్చారు. "సార్, ఆ రాయి పెట్టినోణ్ణి నేను. అది గేటు గాదు. రేపు యేమన్నా అయితే రాయిని పోయి అడగల్లా మేము? జవాబు చెప్పే మనిషి కావల్ల," అన్నారు.

జనం ఆయన మీదికే లేచారు. "అమ్మను రాయంటావా అయివారా? లెంపలేసుకో!" ఆఫీసరు నవ్వుకుని, రైలు ఆగుతోంది కాబట్టి గేటు అక్కర్లేదని రాసుకుని పోయాడు.

ఇక్కడే నా బుర్ర తిరుగుతుంది. రాయి పెట్టకపోతే ఆ రోజుల్లో ఎందరు పిల్లలు పోయేవాళ్ళో. పెట్టడం వల్లే గేటు పోయింది. ఒకసారి ఆయన్నే అడిగాను. వలిచిన కాయ నా చేతిలో పెట్టారు. "తెలీదురా. ఆ పొద్దుటికి అదే తోచింది," అన్నారు. అంత పెద్ద మనిషి తెలీదంటే నాకు ఏడుపొచ్చింది.

అరక్కోణం డ్రైవరు రిటైరయ్యాడు. కొత్తవాడు ఒకరోజు ఆపుతాడు, ఇంకోరోజు ఆపడు. శ్మశానం పట్టాల అవతల. అయ్యవారు పోయిన రోజు మధ్యాహ్నం ఆయన పాడె పట్టాల దగ్గరికొచ్చి ఆగింది. రెండు పక్కలా మనిషి మునిగే చెరకు. లోపలెక్కడో ఇంజను చప్పుడు. వస్తోందో పోతోందో తెలియడం లేదు. "యెవురన్నా సూసి చెప్పండప్పా," అన్నారు మోసేవాళ్ళు. సర్పంచి గేటమ్మకు దండం పెట్టి వెనక్కి జరిగాడు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు.

నేనెందుకు కదిలానో తెలియదు. పోయి పట్టాల మధ్య నిలబడ్డాను. ఇటు చూస్తే చెరకు, అటు చూస్తే చెరకు. పట్టా మీద కాలు పెట్టి చూసినా ఇనుము అదురుతోందో లేదో తెలియలేదు. చెయ్యెత్తి, "రాండి, నేను చూస్తా ఉండా," అన్నాను.

అయ్యవారు నా పక్కనుంచే దాటి పోయారు.