స్టీలు మోటార్లు, నాన్న గదిలో ఏసీ

కృత్తివెన్ను వైపు ఓ ఊరి మంచినీళ్ల చెరువుకి ఖరీదైన మోటార్లు కొనిపించిన ఇంజనీరుని నేనే. ఆ చెరువు చుట్టూ రొయ్యల చెరువులు. ఉప్పు ఊరి ఊరి, ఇనప మోటార్లు రెండో వేసవి చూడకుండానే తుప్పు పట్టేవి. వాటిని విప్పి గుడివాడ షెడ్డుకి పంపడం, బాగై వచ్చేదాకా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు వెంట పరిగెత్తడం. ఏటా ఇదే భాగోతం. అందుకే ఈసారి ఉప్పుకి తట్టుకునే స్టీలు మోటార్లే కావాలని రాశాను. ధర రెట్టింపు.

మీటింగులో ఒకాయన నవ్వాడు. "ఏంటి మేడం, సర్కారు సొమ్మేగా అని స్టీలువా? తక్కువకిచ్చేవాణ్ణి కాదని ఎక్కువవాడి దగ్గర కొనడంలో మతలబేంటండీ?"

నాకు ఒళ్లు మండింది. "చవకవి మూణ్ణాళ్ల ముచ్చటండీ. అవి ఆగిపోతే మీరొచ్చి బిందెలు మోస్తారా?" అన్నాను.

మోటార్లు వచ్చాయి. వెనకే నేను కమీషన్ తిన్నానంటూ ఆకాశరామన్న ఉత్తరమూ వెళ్లింది. ఎంక్వైరీ వేశారు.

గుడివాడలో నేనూ నాన్నా ఉంటాం. ఆయన రిటైరైన గుమాస్తా. సర్వీసంతా కొటేషన్లు చూసిన మనిషి. "తక్కువ రాసినవాడికే ఇచ్చెయ్యమ్మా, ఎవడూ వేలెత్తి చూపలేడు" అనేవారు. ఉత్తరం సంగతి ఆయన చెవినా పడింది. ఆ రోజు నుంచి గదిలో ఏసీ వేసుకోవడం మానేశారు. మోటార్ల ఆర్డరు వెళ్లిన నెలలోనే నేను ఆయన కోసం కొన్న ఏసీ అది.

బయట రోళ్లు పగిలే ఎండ. ఆయనేమో అరుగు మీద విసనకర్రతో. "లోపల పడుకోండి నాన్నా" అంటే, "ఆ చల్లదనం పడట్లేదమ్మా, కీళ్లు పట్టేస్తున్నాయి" అనేవారు. ఆయనకి ఏనాడూ కీళ్లనొప్పులు లేవు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఊళ్లోవాళ్ల మాటలు దులిపేసుకున్నాను గానీ, ఇది మింగుడుపడలేదు.

ఆ వేసవంతా మోటార్లు ఆగలేదు. ఊరెళ్తే కుళాయి దగ్గర ఓ ముసలామె నా గడ్డం పట్టుకుంది. "ఎంత తిన్నావో గానీ తల్లీ, నీళ్లు మాత్రం ఇచ్చావు. సల్లగా ఉండు!" మనస్ఫూర్తిగానే దీవించింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి నా తప్పేమీ లేదని ఎంక్వైరీ తేల్చింది. పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. "మంచిదమ్మా" అన్నారు. నేనే వెళ్లి ఏసీ వేసి, రమ్మని పిలిచాను. గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"దీని బిల్లు ఉందా అమ్మా?"

బీరువాలోంచి తీసిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఎవరి పేరున ఉందో, సొమ్ము ఎవరు కట్టారో నెమ్మదిగా చదివారు. మడిచి నా చేతికిచ్చి, వచ్చి మంచం మీద పడుకున్నారు.

"హాయిగా ఉందమ్మా" అన్నారు.

నేను ఆ గదిలో ఉండలేకపోయాను. ఎండలోనే అరుగు మీదికి వచ్చి, ఆయన విసనకర్ర పక్కన కూర్చుని ఏడ్చాను.