ఇనప గదిలో వైరింగ్

పని దగ్గర అందరూ ఆమెను వైరింగక్క అనేవారు. నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయాక తమ్ముణ్ణి వెంటేసుకుని తనే నడిపిస్తోంది.

ఆ ఏడు ఒక పాత బీమా ఆఫీసును ఫ్లాట్లుగా మార్చే పని దొరికింది. రాతి గోడలు, ఎత్తైన కిటికీలు, ఒకప్పుడు గుమాస్తాలు బారులుగా కూర్చున్న హాళ్లు. కింది అంతస్తులో పత్రాలు దాచిన ఇనప గది ఉంది. దానికి కిటికీ లేదు. మందపాటి ఇనప తలుపు, చక్రం లాంటి పిడి. గదిని సామాన్ల గదిగా మార్చినా, తలుపును మాత్రం అందానికి ఉంచాలని బిల్డరు ముచ్చట.

"తాళం ఎప్పుడో చచ్చిందమ్మా, ఏం భయం లేదు" అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ గదిలో, పక్క వంటగదిలోకి వైర్ల పైపు వేయడానికి వెనక గోడకు రంధ్రం చేస్తోంది. దీపానికీ డ్రిల్లుకూ కలిపి ఒకటే వైరు, తలుపు సందులోంచి వచ్చింది. డ్రిల్లు ఆపి మూలన కూర్చుని దాని బిట్టు మారుస్తుంటే రంగులాయన వచ్చాడు. లోపల ఎవరూ లేరనుకుని, బయటివైపు రంగు వేయడానికి తలుపు దగ్గరకు తోసి, ముందు అన్నం తినొద్దామని వెళ్లిపోయాడు. బరువుకు తలుపు తనంతట తనే కదిలి దభాలున మూసుకుంది. దీపం ఆరిపోయింది.

"ఒరేయ్, నీ వేషాలు నా దగ్గర కాదు. తియ్యి!" అని తమ్ముడనుకుని అరిచింది.

ఫోన్లో సిగ్నల్ లేదు. దాని వెలుగులో చూస్తే తలుపు కింద వైరు నలిగి తెగింది. రాగి తీగ ఇనుముకు ఆనుకుని మెరుస్తోంది. రెండు చేతులా తలుపు బాదబోయిన మనిషి అక్కడే బిగుసుకుపోయింది. షార్టయి పైన బోర్డులో స్విచ్ పడిపోయి ఉంటుంది. తమ్ముడు మళ్లీ ఎత్తితే ఈ తలుపంతా కరెంటే.

వెనక్కి వెనక్కి జరిగి గోడకు అతుక్కుంది. తన ఊపిరి తనకే గట్టిగా వినిపించింది. ఈ గాలి ఎంతసేపు వస్తుంది? ఇంట్లో మావారికి ఎవరు చెబుతారు? ఆయన చిన్న చెడు కబురుకే కూలబడే మనిషి, ముందు కుర్చీ వేసి చెప్పాలి. ఆ ఆలోచనకు నవ్వు రాబోయి ఏడుపైంది. సుత్తి తడిమి పట్టుకుని, వెనక గోడను కొట్టడం మొదలుపెట్టింది.

పైన తమ్ముడు బోర్డు దగ్గరకు వచ్చాడు. ఒకరి మాట వినకుండా ఇంకొకరు స్విచ్ ఎత్తకూడదని నాన్న పెట్టిన కట్టడి.

"అక్కా! వెయ్యనా?"

అక్క మాట వినపడనిదే స్విచ్ ముట్టుకోలేదు. గొణుక్కుంటూ దిగి వచ్చాడు. మూసిన తలుపునూ, దాని కింద నలిగిన వైరునూ చూశాడు. పరుగున వెళ్లి మెయిన్ ఆపేసి, కేకలు వేసి మేస్త్రీలను పిలిచాడు. తాళం చచ్చినా గొళ్లెం పడిపోయింది, తుప్పుపట్టిన పిడి తిరగలేదు. వంటగది వైపు నుంచి గోడ పగలగొట్టారు. పిడికిలంత కన్నం పడగానే తమ్ముడు చెయ్యి లోపలికి చాచాడు.

"అక్కా, ఉన్నావా?"

"లేకపోతే గోడ కొడుతున్నది దెయ్యమట్రా?" అంది. పళ్లు టకటకలాడుతున్నాయి. అతని వేళ్లు పట్టుకుంది. ఎంత చెప్పినా వదల్లేదు. మేస్త్రీలు ఆ చేతుల చుట్టూ మెల్లగా గోడ కొట్టుకుంటూ రావలసి వచ్చింది.

బయటికొచ్చేసరికి రంగులాయన తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"ఏం కాలేదు కదమ్మా" అన్నాడు బిల్డరు.

"అయింది" అంది ఆమె. తలుపు ఊడదీసేదాకా మళ్లీ వైరు ముట్టుకోనంది. మర్నాడే తీయించారు.

పని పూర్తయింది, ఫ్లాట్లలోకి జనం వచ్చారు. భయం మాత్రం ఆమెతో ఇంటికి వచ్చేసింది. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కదు. స్నానాల గది గడియ వేసుకోదు. గుమ్మం బయట అత్తగారు పీట వేసుకుని కూర్చోవాలి.

"అత్తయ్యా, వెళ్లిపోయారా?"

"ఎక్కడికే పోతాను, మోకాళ్లు లేవనిస్తేగా? నీళ్లు చల్లారిపోతున్నాయి, పోసుకో."