ఎండు కంకరతో పోసిన కప్పు

ఎదురింటి పాత డాబాను కూలగొడుతున్నారు. సున్నపు దుమ్ము కిటికీలోంచి వచ్చి నాలుక మీద చేదుగా కూర్చుంటుంది. దాన్ని అణచడానికి కూలీలు నీళ్ళు చల్లగానే తడి సున్నం వాసన లేచింది. మనవరాలు కిటికీ మూయబోతే వద్దన్నాను. ఆ వాసన వస్తే నాకు జైనబీ ఖాలా పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

హైదరాబాద్ పాతబస్తీలో, మొఘల్‌పురాలో మా గదికి ఆనుకునే ఆమె ఇల్లు ఉండేది. ఖాలా అంటే పిన్ని, గల్లీ అంతా ఆమెను అలాగే పిలిచేది. డెబ్బైలలో ఒక వానాకాలం అది కూలిపోయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కూలిన రాళ్ళూ ఇటుకలూ పారబోయించమని గల్లీవాళ్ళంతా చెప్పారు. ఆమె మాత్రం కుప్ప పక్కన గోనె పరచుకుని సుత్తి పట్టింది. కొత్త కంకర కొనే తాహతు లేదు. పాత గోడలనే కంకరగా కొట్టి, అదే జాగాలో ఒక్క గది, దాని మీద గట్టి సిమెంటు కప్పు వేసుకోవాలని ఆమె పట్టు. అందాకా రేకుల కింద బతికింది.

నేను మూడో తరగతిలో బడి మానినదాన్ని, కొత్త కోడలిని. నేను ఊరికే కూర్చుంటే ఖాలా ఓర్చేది కాదు, నా చేతికీ సుత్తి ఇచ్చింది.

"అరే సత్తెమ్మా, గట్ల గుద్దుతవేంది? అది నీ అత్త నెత్తి కాదే!"

"నాకు ఇనబడ్తుంది జైనబీ!" అని లోపలినుంచి మా అత్త అరిచింది.

"ఇనాల్ననే అన్న వదినా!"

రాయికి అంటిన సున్నం గీకడం, చేతిలో నలిగేదాన్ని వేరు చేయడం, ఆ పొడితోనూ గడప ముందు గుంత పూడ్చడం ఆమె నేర్పింది. ఏదైనా పారేసేముందు ఒకసారి చేతిలోకి తీసుకుని చూసే అలవాటు నాకు అక్కడే పట్టుకుంది.

"పాత కంకర మస్తు దప్పిక మీదుంటది బేటీ. ముందుగాల దానికి తాపాలె. లేకుంటే సిమెంటుల నీళ్ళు గుంజుకుంటది. కప్పు కచ్చాగ అయితది" అనేది.

మరుసటి వేసవికి గోడలు లేచాయి. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. కప్పు పోసేనాటికి కంకర తడపడానికని ఆమె బిందె బిందె దాచి రెండు డ్రమ్ములు నింపుకుంది. సరిగ్గా కప్పు పోసే రోజు తెల్లవారే, జ్వరంతో పడుకున్న నా భర్త పోయాడు. నేను కడుపుతో ఉన్నాను. నల్లా వచ్చే రోజు కాదు. శవానికి స్నానం చేయించడానికి ఇంట్లో నీళ్ళు లేవు.

ఎవరూ అడగకముందే ఖాలా బిందెలతో మోసుకొచ్చింది. కప్పు పోయడానికి వచ్చిన మేస్త్రీ వెంటపడ్డాడు.

"మరి కంకరకు, ఖాలా?"

"మయ్యత్ ఇంట్ల నీళ్ళు లేకుంటె ఎట్లరా? మిగిలినదాంతోని సిమెంటు మాలు కలుపు."

"ఎండు కంకరతోనా? కప్పు రేపు పోద్దాం."

"సెంట్రింగ్ పలకలకు ఒక్కో దినం కిరాయి ఎక్కుతది. నువ్వు రేపు ఉప్పుగూడ పనికి పోతవ్. కానియ్."

నేను శవం దగ్గర కూర్చున్నాను. గోడ అవతల ఎండు కంకర మీద పార గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పలకలు విప్పితే కప్పు అడుగంతా చిల్లులు. పోసిన కప్పును తడపడానికీ ఆ వారమంతా నీళ్ళు చాల్లేదు. వానలకు కారింది, ఇనుము బయటపడింది, ఒకరోజు పెళ్ళ ఊడి ఆమె పక్క మీద పడింది. మేస్త్రీ చూసి, "దీని కింద పండకు ఖాలా" అని తల దించుకున్నాడు. కప్పు దించేశారు. ఆమె మళ్ళీ కుప్ప పక్కన గోనె పరిచింది.

"మల్ల కొడ్త సత్తెమ్మా. రాయి ఏడికి పోతది?"

ఆ మాటలో నవ్వు లేదు. నా కొడుకును ఒళ్ళో వేసుకుని నేనూ కొట్టాను. కంకర అయింది కానీ సిమెంటుకు మళ్ళీ డబ్బు కూడలేదు. ఆ చలికాలం రేకుల కింద దగ్గి దగ్గి ఆమె పోయింది. ఆఖరి స్నానానికి నీళ్ళు నేనే మోశాను. ఆ రోజు నల్లా పొద్దంతా ధారగా వచ్చింది. కొన్నాళ్ళకు కంకరను ఎవరో బండికెత్తి ఏదో గుంతలో పోశారు.

ఇప్పుడు ఇంట్లో మోటారుంది. అయినా వాకిట్లో డ్రమ్ము నిండుగా ఉంచుతాను. "ఎందుకు నానమ్మా?" అంటే మూతెత్తి నిండుగా ఉందో లేదో చూస్తాను. ఇవాళ ఎదురింటి కూలీలు నీళ్ళడిగితే డ్రమ్మంతా ఇచ్చేశాను. కుప్ప మీద పోశారు. చూస్తుండగానే ఇంకిపోయాయి. పైన మళ్ళీ తెల్లగా, పొడిగా మిగిలింది.