తలపైన కాస్త జాగా

పేజీలక్క కుడిచెయ్యి మొరాయించింది. ముందు బొటనవేలి మొదట్లో సన్నగా లాగేది. తర్వాత మణికట్టు పట్టేసింది. ఆఖరికి దువ్వెన పట్టుకోవడానికి కూడా ఎడమచేతిని బతిమాలుకోవాల్సి వచ్చింది. డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. ప్రెస్సులో పేజీలు పెడతానంది. అయితే మౌస్ మానేస్తారా, చెయ్యి మానేస్తారా, మీ ఇష్టమని చెప్పి, మణికట్టుకు పట్టీ చుట్టి పంపించాడు.

ప్రెస్సు సొంతవాళ్లదే. కింద అన్న మెషీను నడుపుతాడు. ముందుగదిలో కౌంటరు వదినది. మేడమీద గది పేజీలక్కది. తన పెళ్లికి ముందు నుంచీ ఆ గదే, కిటికీ పక్కన ఆ బల్లే. కంప్యూటర్లు మారాయి గాని కుర్చీ మారలేదు. కరపత్రాలైనా, రసీదు పుస్తకాలైనా, సంఘాల గుర్తింపు కార్డులైనా అక్షరాలనీ బొమ్మలనీ పేజీలో కుదురుగా కూర్చోబెట్టేది ఆమే. ఇంకు డబ్బాలు తెచ్చే మనిషి ఒకరోజు కింద నిలబడి “పేజీలక్కా” అని కేకేశాడు. ఆ కేక వీధి వీధంతా పాకి, అసలు పేరును మింగేసింది.

ఆమెకు మనుషులంటే గిట్టదని కాదు. ఒక్కొక్కరుగా వస్తే చక్కగా మాట్లాడుతుంది. ముగ్గురు ఒకేసారి వచ్చి, ముగ్గురూ తమదే అర్జంటంటే మాత్రం నోరు పెగలదు. కౌంటరంటే పొద్దస్తమానం అదే గొడవ. అందుకే డాక్టరు మాట విని వదిన చెప్పిన ఉపాయం ఆమెకు చేతినొప్పి కంటే ఎక్కువ బాధ కలిగించింది.

“చెయ్యి పోగొట్టుకుని ఏం సాధిస్తావు చెప్పు. పేజీల పని బయట చేయించుకుందాం. నువ్వొచ్చి కౌంటర్లో కూర్చో. నేనూ కాస్త నడుం వాలుస్తాను.”

“నువ్వు నడుం వాల్చడానికి నా చెయ్యే దొరికిందా వదినా?”

“అవును మరి, నీ చెయ్యి ఎప్పుడు పడిపోతుందా అని కాచుక్కూర్చున్నాను.”

ఈ ఇద్దరి మధ్యా మాట నడిచినప్పుడల్లా అన్నకు మెషీనులో ఏదో చప్పుడు వినబడుతుంది. స్పానరు తీసుకుని దాని కిందికి దూరిపోతాడు. ఆ రోజూ అలాగే దూరాడు. చివరికి ఆడవాళ్లిద్దరే ఒక ఒప్పందానికొచ్చారు. సెలూన్ల సంఘం వాళ్ల సభ్యత్వ కార్డులు చేతిలో ఉన్నాయి. వాటిని చెయ్యి నొప్పించుకోకుండా చేసి చూపిస్తే మేడమీద గది పేజీలక్కదే. చేయలేకపోతే నోరెత్తకుండా కిందికి రావాలి.

ఆ సాయంత్రమే ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల బాగోగులు చూస్తాడు. రోజంతా యంత్రాలతోనే గడపడం వల్ల మాటలు పొదుపు. అక్క వాడే పేజీల సాఫ్ట్‌వేరు పేరు స్క్రైబస్. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోవచ్చు. దాని విండో తెరవకుండా, మౌస్ ముట్టుకోకుండా కూడా దాంతో పని చేయించుకోవచ్చని తమ్ముడు చెప్పాడు. కార్డు నమూనా ఒకసారి గీసుకోవాలి. పేర్లు, షాపుల పేర్లు, ఎవరి ఫొటో ఏదన్నదీ ఒక పట్టికలో పెట్టుకోవాలి. ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే స్క్రిప్టు ఒకటి రాసుకోవాలి. ఆపైన, అక్షరాలు తప్ప బొమ్మలుండని నల్లతెర మీద ఒక్క వరుస కమాండు కొడితే, అచ్చుకు పంపాల్సిన ఫైలు దానంతటదే తయారవుతుంది.

“తలుపు తీయకుండా ఇల్లెలా ఊడుస్తార్రా?”

“నువ్వు ఊడవవక్కా. ఊడవమని చెప్తావు, అంతే.”

“చెప్తే వింటుందా?”

“పొల్లుపోకుండా వింటుంది. దాంతో చిక్కే అది.”

ఆ చివరి ముక్క ఆమె చెవికెక్కలేదు. కమాండులో విండో తెరవొద్దని చెప్పే గుర్తు ఎక్కడ పెట్టాలో, స్క్రిప్టు ఎక్కడుందో ఎలా చెప్పాలో రాసుకునే హడావుడిలో ఉంది. ఆ వరుసను పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, బల్ల ఎదురుగా గోడకు అంటించింది.

మొదట్లో ఎడమచేత్తో టైపు చేయడమే ఒక యజ్ఞం. ఎక్కడో ఒక కామా జారిపోయేది. నల్లతెర వెంటనే ఏదో ఒక తప్పు చూపించి చేతులెత్తేసేది. కాయితం ఆలస్యంగా తెచ్చేవాణ్ని వదిన తిట్టే తీరులోనే ఆమె దాన్ని తిట్టేది. తిట్లు విని కింద మెషీను దగ్గరున్న అన్న, పైన ఎవరొచ్చారని ఒకటి రెండుసార్లు అడిగాడు కూడా. తమ్ముడు ఫోన్లో ఒక్కో తప్పూ దిద్దించాడు. తన ఫొటోతోనే ఒక కార్డు చేసి చూసుకుంది. ఎప్పుడో స్టూడియోలో తీయించుకున్న ఫొటో అది, ముద్దుగా కార్డు మీది గడి మధ్యలో కూర్చుంది.

ఇక అసలు పట్టిక అందించి ఎంటర్ కొట్టింది. కంప్యూటరు ఫ్యాను గుర్రుమంది. తెర మీద మాత్రం చలనం లేదు. పేజీలు కదలడం, గడులు నిండడం, ఇన్నేళ్లూ కళ్లముందు జరిగిన సందడి ఏదీ లేదు. అలిగినవాళ్లు గదిలో తలుపేసుకుని వంట చేస్తున్నట్టుంది వ్యవహారం. ఆమె టీ తాగి వచ్చేసరికి ఫైలు సిద్ధంగా ఉంది. అక్షరాలు చదవడానికి పేజీని బాగా పెద్దది చేసుకుని, పేరు పేరూ, షాపు షాపూ సరిచూసింది. ఒక్క తప్పు లేదు, ఒక్క వరుస వంకర లేదు. పెద్దది చేసినందువల్ల ఫొటోలు తెర అంచుకు అవతల పడ్డాయి. వాటిని చూడాలని ఆమెకు తోచలేదు. ఫొటోలతో ఎన్నడూ పేచీ వచ్చింది లేదు.

మేడమీద నుంచి వచ్చినదాన్ని అన్న తిరిగి చూసే అలవాటే లేదు. అచ్చేశాడు, కత్తిరించాడు, పెట్టెలో సర్ది సంఘానికి పంపేశాడు.

మర్నాడు ఆ పెట్టెను చంకలో పెట్టుకుని సంఘం అధ్యక్షుడు వచ్చాడు. నుదుటి మీద అలలా లేచి నిలబడే జుట్టు ఆయనది. షాపుకు బోర్డు లేకపోయినా ఆ జుట్టు చూసి జనం లోపలికొస్తారని చెప్పుకుంటారు. ఆయన కౌంటరు మీద కార్డులు ఒక్కొక్కటే పరిచాడు. ఒక్కరికీ కనుబొమ్మల పైన ఏమీ లేదు. కొందరికి గడ్డం, దాని కింద చొక్కా గుండీలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఒక బ్యూటీపార్లరు ఆవిడకైతే చెవికమ్మలూ నవ్వూ మిగిలాయి.

“అమ్మా, మేం ఊరందరి జుట్టూ కత్తిరిస్తాం. మీరు మా అందరి జుట్టూ ఒకేసారి కత్తిరించేశారు,” అన్నాడాయన వదినతో, నెమ్మదిగానే. “శనివారం మా సమావేశం. తలలు లేనివాళ్లతో నేను ఓట్లెలా వేయించను?”

శనివారంలోగా ఇస్తామని వదిన మాటిచ్చి పంపింది. మెట్ల మీద నిలబడి అంతా విన్న ఆడపడుచు వైపు ఒకసారి చూసింది. గుడ్డ తీసుకుని కౌంటరు వెనక కుర్చీని శుభ్రంగా తుడిచింది. ఇంకా కొంచెం దుమ్ముందనిపించిందేమో, మళ్లీ తుడిచింది.

పేజీలక్క పైకెళ్లి ఫోన్ అందుకుంది.

“ఫొటో మధ్యభాగాన్ని గడి మధ్యలో పెట్టమని రాశావు. పెట్టింది,” అన్నాడు తమ్ముడు. “ఫోన్లో తీసిన నిలువు ఫొటోల్లో తల పైనెక్కడో ఉంటుందిగా.”

“మరి ఇన్నేళ్లూ ఎలా కుదిరాయిరా?”

“అది నువ్వే చెప్పాలక్కా. ఇన్నేళ్లూ నువ్వేం చేసేదానివి?”

“ఏం చేస్తాను? ఫొటో తెచ్చి గడిలో పెట్టేదాన్ని. అంతే.”

“ఒకసారి పెట్టు. చెయ్యి ఏం చేస్తోందో చూడు.”

పట్టీ కట్టిన చేత్తోనే మౌస్ పట్టుకుని, విండో తెరిచి, అధ్యక్షుడి ఫొటోను గడిలో పెట్టింది. పెట్టాక ఆగలేదు. తను ఏమీ అనుకోకముందే చెయ్యి ఆ ఫొటోను పట్టి కిందికి లాగింది. తలపైన కాస్త జాగా వదిలి ఆగింది. తర్వాతి ఫొటోలో బ్యూటీపార్లరు ఆవిడ తల పక్కకు వంచింది కాబట్టి దాన్ని రవ్వంత ఎడమకు జరిపింది. దూరంగా నిలబడి తీయించుకున్న ఇంకొకాయన్ను దగ్గరికి తెచ్చింది. లాగినప్పుడల్లా సరిగ్గా బొటనవేలి మొదట్లో కలుక్కుమంది. ఆమె నివ్వెరపోయింది. ఇది కూడా ఒక పనేనని ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు తనకు తెలియాలి కదా.

అయితే ఫొటో పైఅంచును గడి పైఅంచుకు కలపమని రాస్తే సరిపోతుందన్నాడు తమ్ముడు. రాసింది. కొందరి తలలు దిగొచ్చాయి. మిగతావాళ్లకు తల మీద సీలింగు ఫ్యాను, షాపు బోర్డు, బోలెడంత ఆకాశం వచ్చాయి. అందరికీ ఒకే కొలత పెట్టాలంటే అందరూ ఒకే తీరున నిలబడాలి. జనం అలా నిలబడరు.

అప్పుడు ఆమెకే తట్టింది. పట్టికలో పేరు పక్కన ఇంకొన్ని గడులు పెంచింది. ఎంత కిందికి, ఎంత పక్కకి, ఎంత దగ్గరికి. కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ ఒక్కో ఫొటోనూ చూడడం, కన్ను చెప్పిన అంకెను ఎడమచేత్తో కొట్టడం. మొదట్లో కన్నూ అంకే ఒకదాన్నొకటి నమ్మలేదు. కాసేపటికి రాజీపడ్డాయి. ముఖం చూడగానే అంకె పలికేది. ఆ అంకెల ప్రకారం జరపమని స్క్రిప్టుకు తమ్ముడి చేత నేర్పించి, గోడ మీది వరుసను మళ్లీ కొట్టింది. ఈసారి ఫైలులో ముందు తలలే చూసుకుంది. కింద అన్న కూడా అలవాటు తప్పి, ప్రతి కార్డునూ వెలుతురుకెత్తి చూశాడు.

శనివారం పొద్దున అధ్యక్షుడు తన కార్డును చాలాసేపు చూసుకున్నాడు. అసలు జుట్టును ఒకసారి తడుముకుని, బొమ్మలో జుట్టుతో పోల్చుకుని, “ఇదీ జుట్టంటే,” అని పెట్టె తీసుకెళ్లాడు. వదిన ఒప్పందం మాట ఎత్తలేదు. పేజీలక్క కూడా ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఈత నేర్చుకునేవాళ్ల కార్డులొచ్చాయి. ఒక మధ్యాహ్నం వదిన టీ తీసుకుని మేడెక్కింది. ఆడపడుచు ఒళ్లో చేతులు పెట్టుకుని నల్లతెర వంక చూస్తోంది.

“ఖాళీగా కూర్చున్నావేంటి?”

“పని జరుగుతోంది వదినా.”

“ఎవరు చేస్తున్నారు?”

“అదే చేసుకుంటోంది.”

వదిన టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఏదైనా లెక్క తేల్చే ముందు ఆమె ముక్కు కొన ఒకసారి గోక్కుంటుంది. గోక్కుంది.

“దానంతటదే చేసుకుంటుంటే ఇంక నువ్విక్కడెందుకు? కిందికి రా.”

ఓడిపోతే దిగాలనే భయపడింది గాని, గెలిచినా దిగాల్సొస్తుందని పేజీలక్క ఊహించలేదు. క్షణం ఆలోచించి కుర్చీలోంచి లేచింది.

“సరే, వస్తాను. మిగిలిన ఫొటోలకు అంకెలు మాత్రం నువ్వు వేసిపెట్టు. చాలా తేలిక.”

వదినకు జంకంటే తెలియదు. చీరకొంగు దోపుకుని కూర్చుంది. ఫొటో చూడడం, కౌంటర్లో బేరం తెంచినట్టు ఒక అంకె కొట్టడం. కొన్ని అయ్యాక పేజీలక్క కమాండు నడిపి చూపించింది. మొదటి పిల్లాడికి ఈత టోపీ మాత్రమే వచ్చింది. రెండో అమ్మాయి కార్డు అడుగున ముక్కు దాకా మునిగిపోయి ఉంది, పైనంతా గోడ. మూడో కార్డులో ఒక చెవి ఉంది. ఎవరిదో చెప్పలేం.

వదిన ఆ చెవిని చాలాసేపు చూసింది. ఆడపడుచు కోసం తెచ్చిన టీ తనే తాగేసింది. ఈ కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేసేలా ఉందని చెప్పి లేచింది. మెట్లు సగం దిగాక ఆమె గొంతు వినిపించింది.

“ఆ పట్టీ విప్పకు. డాక్టరు ఇంకా విప్పమనలేదు.”

కింద కౌంటరు దగ్గర అప్పటికే ముగ్గురు వచ్చినట్టున్నారు. ముగ్గురివీ అర్జంటు పనులే. పేజీలక్క కుర్చీలో కూర్చుని, వదిన వేసిన అంకెలన్నీ ఎడమచేత్తో ఒక్కొక్కటిగా చెరిపింది. చెవి కార్డును మాత్రం ఒక ప్రింటు తీసి, గోడ మీద కమాండు కాయితం పక్కన అంటించింది.