అయస్కాంతానికి బొట్టు

అమీర్‌పేటలో నేనుండే హాస్టల్లో అందరూ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటారు. నువ్వేం చేస్తావని అడిగితే, బతికున్న కణాల్లోకి అయస్కాంతపు నలుసులు పంపి ప్రొటీన్లను లాగుతానని చెప్పేదాన్ని. "అది నేర్చుకుంటే ప్లేస్‌మెంట్ ఉంటదా అక్కా?" అని పక్క మంచం అమ్మాయి జాలిగా అడిగింది. ఉండదని ఒప్పుకోవడానికి ఒళ్ళు మండింది.

చెప్పడానికి పని తేలికే. కంటికి ఆనని ఇనుప రేణువులకు ఒక ప్రొటీన్‌ను తగిలించి కణంలోకి దించుతాం. ఆ కణాలున్న గిన్నె పక్కన అయస్కాంతం పెడితే రేణువులు అటు జరుగుతాయి. రెండో ప్రొటీన్ కూడా వాటి వెంట నడిస్తే ఆ రెండింటికీ పొత్తు ఉన్నట్టు. మైక్రోస్కోపులో మొదటిది ఆకుపచ్చగా, రెండోది ఎర్రగా మెరిసేలా ముందే రంగులు కట్టిపెడతాం. ఏళ్ళ తరబడి నా గిన్నెల్లో ఆకుపచ్చ కదిలింది, ఎరుపు కూర్చున్నచోటు నుంచి లేవలేదు. దసరా తర్వాత కూడా అది రాకపోతే నా పీహెచ్‌డీ టాపిక్ మూసేస్తానని మా గైడ్ సార్ తేల్చేశారు. అంటే ఇన్నేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

మా ల్యాబ్ పంజాగుట్టలో ఒక చీరల కొట్టు పైన ఉంటుంది. సార్ రుజువు లేనిదే ఏదీ నమ్మరు, ఆయుధపూజ మాత్రం మానరు. ఆ దసరాకి మైక్రోస్కోపుకి బంతిపూల దండ, కణాలు పెంచే పెట్టె ముందు నిమ్మకాయలు. మా సీనియర్ అన్న గుమ్మడికాయ తెచ్చి లిఫ్టు ముందు కొట్టాడు. చీరలకొచ్చిన ఒకావిడ దానిమీద జారబోయి మా పరిశోధనను నోరారా దీవించింది.

"సార్, గీ అయస్కాంతానికి సుత ఒక బొట్టు పెట్టున్రి. గుంజేదంతా గదే కదా, పాపం" అన్నాడు అన్న.

సార్ నిండుగా కుంకుమ పెట్టారు. నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. అవసరం అలాంటిది.

మర్నాడు ఎరుపు వచ్చింది. అలా ఇలా కాదు, అయస్కాంతం వైపున్న కణాలన్నీ ఖైరతాబాద్ గణపతి మండపంలా వెలిగిపోయాయి. సార్ మైసూర్‌పాక్ తెప్పించి, రాయబోయే వ్యాసానికి పేరు కూడా పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"మస్తుంది! ఇగ ఫికర్ జెయ్యకు, డాక్టరమ్మవైపోయినవ్" అన్నాడు అన్న.

పోలిక కోసం రేణువులు అసలు వెయ్యని గిన్నె ఒకటి ఎప్పుడూ ఉంచుతాం. దాని పక్కనా అదే అయస్కాంతం పెడతాం. చేతులు కడుక్కుని దాన్ని చూశాను. అదీ వెలుగుతోంది. లాగడానికి ఏమీ లేనిచోట ఈ ఎరుపు దేనివెంట వచ్చినట్టు? అయస్కాంతం వైపు చూస్తే బొట్టు సగం రాలిపోయి ఉంది. పూజ పొట్లంలోంచి చిటికెడు కుంకుమ నీళ్ళలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. అందులో ఏ రంగు కలిపారో గానీ, మేము ఏరికోరి తెప్పించిన రంగు కంటే ధగధగా మెరిసింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

సార్ అంతా విన్నారు. పళ్ళెంలో మిగిలిన మైసూర్‌పాక్ మీద మూత పెట్టారు.

"ఇంకొక్కసారి చెయ్యమ్మా. అదే ఆఖరు."

అయస్కాంతాన్ని స్పిరిట్‌తో తోమి, కొత్త గిన్నెలు పెట్టాను. మామూలుగా నాకు ఓపిక తక్కువ, కాసేపు చూసి విసుగొచ్చి గిన్నె తీసేస్తాను. ఈసారి చూడాలంటేనే భయమేసి, అమీర్‌పేట దాకా నడిచి, ఆకలి లేకుండా ఇడ్లీ తిని, మళ్ళీ నడుచుకుంటూ వచ్చాను. రేణువులు లేని గిన్నె చీకటిగా ఉంది. రెండోదాంట్లో, ఆకుపచ్చ పక్కనే, సన్నగా ఎరుపు. దానికి కావలసింది కాస్త వ్యవధి, అంతే.

సార్‌ను పిలిచాను. ఆ రోజు శుక్రవారం, ఆయన గుడి నుంచి నేరుగా వచ్చారు. నుదుటి మీద వేలి మందాన కుంకుమ. మూత తీసిన గిన్నె మీదికి ఆయన వంగబోతే చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఏంటమ్మా?"

"బొట్టు, సార్."

ఒక్క క్షణం నన్ను చూశారు. జేబురుమాలు తీసి నుదురు శుభ్రంగా తుడుచుకున్నారు. బొట్టు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వంగి, చాలాసేపు తల ఎత్తలేదు.

"ఎర్రగానే ఉందమ్మా" అన్నారు.