ఒకే చేతి రక్తం, ఐదు పేర్లు

ఒక రోజు చేసిన తప్పును నాలుగేళ్లుగా మోస్తున్నాను. డైరీలో కూడా రాయలేదు. చదివిన పుస్తకాలు, కురిసిన వానలు, అమ్మ మీద కోపం అన్నీ రాసుకునేదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం తేదీ వేసి వదిలేశాను. నా మీద నాకే రోత. మీరు నన్నెరగరు కనుక చెప్తున్నాను.

అప్పుడు భద్రాచలం అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో రక్త పరీక్షల పని చేసేదాన్ని. డెంగీ రోజులు. కొత్తగూడెం వైపు జ్వరమొచ్చినవాళ్లు వారంలో లేచి తిరుగుతున్నారు. అడవి లోపలి గూడెంలో మాత్రం రక్తం కక్కుకుంటున్నారు. ఒకే జ్వరం, ఎందుకింత తేడా? వైరస్‌లో రకాలుంటాయి, జన్యువుల్లో చిన్న మార్పుతోనే జబ్బు ముదరవచ్చు అన్నారు డాక్టరు గారు. నగరానికి పంపి రకం తేల్చడానికి ఆ గూడెంలో ఐదిళ్ల నుంచి రక్తం తెమ్మన్నారు. ఇదంతా నేను ముందే చదివాను. తెలియక చేశాననడానికి లేదు.

మొదటి ఇంట్లో, జ్వరం దిగిన ముసలమ్మ అరుగు మీద కూర్చుంది. రక్తం తీసుకున్నాను. రెండో ఇంటి గుమ్మంలోనే ఆగిపోయాను. నల్లటి వాంతి, ఈగలు, తడిసిన గుడ్డల కంపు. మంచంలో పదేళ్ల పిల్ల. నేను చూసుకున్నది నా ఇస్త్రీ కోటు వైపు.

"లోపలికి రా మేడం, సూది పిల్లకు గదా," అన్నాడు తండ్రి.

"పేరు చెప్పన్నా, చాలు."

"పేరు రాస్తే జొరం ఏందో తెలుస్తదా? గిట్లాంటి సదువైతే నేనూ సదువుదును!" నవ్వుతూనే చెప్పాడు.

మిగతా మూడిళ్లలోనూ పేర్లే రాసుకున్నాను. తిరిగి ముసలమ్మ దగ్గరికి వెళ్లాను.

"మళ్లానా బిడ్డా?" అంటూనే చెయ్యి చాపింది. ఆమె రక్తంతోనే మిగతా నాలుగు గొట్టాలు నింపాను.

ఐదుగురికీ తేలిక రకమేనని నగరం నుంచి కాగితం వచ్చింది. అది చూసి, జబ్బు ముదిరినవాళ్లను తేవడానికి గూడెం దగ్గర ఉంచిన జీపును డాక్టరు గారు వేరే ఊరికి పంపేశారు. పిల్ల ఎలాగో బతికింది. జీపు వెళ్లిన వారానికి ఆ పిల్ల తండ్రి జ్వరంతో పడ్డాడు. మంచం మీద దవాఖానాకు మోసుకొస్తుంటే దారిలోనే పోయాడు.

సరైన రక్తం తెచ్చి ఉంటే బతికేవాడా? ఏమో. ఆ 'ఏమో' చాటున దాక్కుని ఇన్నాళ్లూ అన్నం తిన్నాను, నిద్రపోయాను, నలుగురిలో నెమ్మదైన పిల్లననిపించుకున్నాను.

ఆ గూడెంలో ఉన్నది తేలిక రకమేనని ఆ కాగితం ఇప్పటికీ చెప్తోంది. అది అబద్ధం. ఆ అబద్ధం నాది. ఈ రెండు మాటలూ రాశాక, చాలా రోజులకు ఊపిరి అడుగు దాకా దిగింది.